దూలం కింద మగ్గం

వరంగల్ గిర్మాజీపేటలో ఎవరైనా పాత ఇల్లు కొనబోతే ముందు సారయ్యను వెంటబెట్టుకుని పోవడం ఎనభైల నాటికి ఒక అలవాటైంది. సారయ్య మేస్త్రీ కాదు, వడ్రంగి పని చేసే వడ్లాయనా కాదు. కొత్తవాడలో పుట్టి పెరిగిన జంపఖానాల నేతగాడు. అమ్మేవాళ్లు ముందు తలుపులు బార్లా తెరిచి, లోపల హాలు చూడండి, అరుగు చూడండి అని పిలుస్తుంటే ఆయన వినిపించుకోడు. ఇంటి వెనక్కి పోతాడు. చూరు కింద, దూలం చివర గోడలోకి దూరే చోట తలెత్తి చూస్తాడు. కాసేపు అక్కడే నిలబడతాడు. ఆ తర్వాతే లోపల అడుగు పెడతాడు.

ఈ చూపు ఆయనకు ఎవరూ నేర్పలేదు. తన ఇంటిని తన చేతులతోనే పాడు చేసుకుని నేర్చుకున్నాడు.

సారయ్య తండ్రిది ఆరడుగుల మగ్గం. దాని మీద మంచం మీద పరుచుకునేంత జంపఖానాలే వచ్చేవి. పెద్దవి నేయాలంటే కొత్తవాడలో ఒక పెద్ద షెడ్డుకు పోవాలి. అక్కడ పన్నెండడుగుల మగ్గాలుండేవి. నేలకు అడుగున్నర ఎత్తులో, ఈ కొస నుంచి ఆ కొసకు పద్దెనిమిది అడుగుల పొడవున నిలువు పోగుల పడుగు పరిచి ఉంటుంది. నలుగురు వరుసగా పలక మీద కూర్చుని అడ్డపోగు పేక దూర్చి, ఇనుప గోళ్లుండే పంజాతో కొట్టుకుంటూ ముందుకు జరుగుతారు. పెళ్లి పందిట్లో వంద మంది కూర్చునే జంపఖానా అట్లా తయారవుతుంది. సారయ్య పదహారో ఏట ఆ షెడ్డులో చేరి ముప్పై రెండేళ్లొచ్చేదాకా అక్కడే నేశాడు. పని ఆయనది, రంగుల లెక్క ఆయనది, మగ్గం మాత్రం షావుకారిది. పొద్దున షెడ్డు తాళం తీసేదాకా గడపలో కూర్చోవాలి. సాయంత్రం తాళం వేస్తానంటే చేతిలో పేక అక్కడికక్కడే వదలాలి.

తనకంటూ ఒక పన్నెండడుగుల మగ్గం ఉండాలన్నదే ఆయనకున్న కోరిక. మగ్గం కట్టుకోవడం పెద్ద కష్టం కాదు, రెండు పెద్ద దుంగలు, నాలుగు గుంజలు, తాళ్లు. కష్టమంతా చోటుతోనే. కొత్తవాడలో కిరాయికి దొరికే అర్రలు తొమ్మిదడుగులు దాటవు. కాస్త పెద్దవి దొరికినా నట్టనడుమ ఒక కంభం నిలబడి ఉంటుంది. పడుగు మధ్యలో కంభం ఉంటే నేసేదేముంది?

డెబ్బై నాలుగు ఎండాకాలంలో వకీలు ఇల్లు అమ్మకానికి వచ్చిందని తెలిసింది. గిర్మాజీపేటలో అది అందరికీ తెలిసిన ఇల్లే. నిజాం కాలంలో ఒక వకీలు కట్టించినది. మందపాటి సున్నపు గోడలు, పైన మట్టిమిద్దె. వకీలు మనవడు కిషన్ రావు హైదరాబాద్‌లో బ్యాంకు ఉద్యోగం చేసుకుంటున్నాడు. ఇల్లు చూపించడానికి ఆయనే వచ్చి, తాళం తీయకముందే అన్నాడు:

"సారయ్యా, ముందే చెప్తున్న. తర్వాత నన్ను తిట్టుకోవద్దు. మేం పట్నం పోయి పన్నెండేండ్లయింది. వానొస్తే కురుస్తది. ఎనుక గోడల రావిచెట్టు మొలిచింది. ఇప్పటిదాంక వచ్చినోళ్లంత కూలగొట్టి జాగ వాడుకుంటమనే అడిగిండ్రు."

"ఒక్కసారి హాలు చూపించుండ్రి సారూ," అన్నాడు సారయ్య.

హాల్లో గబ్బిలాల వాసన. నేల మీద మోకాలి లోతు చెత్త. సారయ్య అదేమీ పట్టించుకోలేదు. అంగీ జేబులోంచి దారపు ఉండ తీసి ఒక కొస కిషన్ రావు చేతికిచ్చాడు. దారానికి అక్కడక్కడ ముళ్లున్నాయి. మగ్గం వెడల్పుకో ముడి, మనుషులు అటూ ఇటూ తిరిగే జాగకో ముడి. అడ్డంగా చాపితే హాలు పదహారడుగులు తేలింది. నిలువునా ఇరవై నాలుగు. నడుమ కంభం లేదు. ఇంత చోటు మీది మిద్దెను ఒకే ఒక్క దూలం మోస్తున్నది. హాలుకు సరిగ్గా మధ్యలో, ఈ గోడ నుంచి ఆ గోడకు అడ్డంగా ఉంది. దాని మీద నుంచి రెండు వైపులా సన్నటి దంతె కర్రలు పరిచి ఉన్నాయి.

"ఇది ఏం కట్టె సారూ?"

"టేకు. ఏటూరునాగారం అడవి నుంచి బండ్ల మీద తెప్పిచ్చిండట మా తాత. నలభై మంది ఎత్తిండ్రని చెప్తుండె."

సారయ్య తలెత్తి దూలాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు. మధ్యలో రవ్వంత కూడా వంగలేదు. పడమటి గోడలోకి దూలం దూరే చోట పక్కన చిన్న సందు ఉంది. అందులోంచి ఒక పిచ్చుక హాల్లోకి తొంగి చూసి మళ్లీ బయటికి పోయింది.

"ఇంకో ముచ్చట," అన్నాడు కిషన్ రావు. "ఇంటి సుట్టు చూరు కింద గసుంటి బొక్కలు పదకొండున్నయి. మా తాత వాటిని మూయనిచ్చెటోడు కాదు. పిట్టల్ని ఎల్లగొడితే ఇంటికి మంచిది కాదంటుండె. ఎందుకో మాకు తెల్వది. నువ్వు గూడ మూయకు."

సారయ్య సరేనన్నట్టు తలూపాడు. పెద్దవాళ్లకు ఇట్లాంటి నమ్మకాలు ఉంటూనే ఉంటాయి అనుకున్నాడు.

కొత్తగా రెండు గదుల స్లాబు ఇంటికయ్యే ఖర్చులో సగానికి తక్కువకే బేరం కుదిరింది. ఇంటికొచ్చి భార్య భద్రమ్మకు చెప్పాడు.

"వంటర్ర ఎట్లున్నది?" అని అడిగింది ఆమె.

సారయ్య ఆలోచనలో పడ్డాడు. "సూడలే."

"ఇల్లు కొంటివి, వంటర్ర సూడలేదా?"

"హాలు పదహారడుగులున్నది."

"అయితే హాల్లనే పొయ్యి పెట్టుకుందాం తియ్యి. నీ దూలానికి అన్నం కుండ తగిలిచ్చుకోవచ్చు."

వంటర్రకు తలుపూ లేదు, సగం పైకప్పూ లేదు. భద్రమ్మ వచ్చి చూసి, కొంగు నడుముకు చుట్టి, చీపురందుకుంది. ఆ తర్వాత వంటర్ర గురించి మళ్లీ ఎత్తలేదు గానీ, ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ "మా ఆయన దారంతోని కొలిచి కొన్న ఇల్లు" అని చెప్పేది.

భద్రమ్మ అన్న వెంకట్రాజం మేస్త్రీ. హనుమకొండలో కొత్తగా లేస్తున్న కాలనీల్లో స్లాబు ఇళ్లు కట్టేవాడు. చెల్లెలు కొన్న ఇల్లు చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుని నవ్వాడు.

"బావా, గిది ఇల్లా, కోటనా? గోడ రెండున్నర ఫీట్ల మందం. ఫిరంగులొచ్చి కొడతయా నిన్ను?"

"గోడకేమైంది బావా?"

"సున్నం గోడ. వానకు నీళ్లు తాగుతది. జర ఆగు, సిమెంటు తెప్పిస్త. ఎనుక గోడంత ప్లాస్టరింగ్ కొడితే నీటిచుక్క దూరది."

అది సిమెంటు కంట్రోలులో ఉన్న కాలం. పర్మిట్ ఉంటేనే దొరికేది. వెంకట్రాజం ఎవరెవరినో పట్టుకుని పది బస్తాల పర్మిట్ తెచ్చాడు. చెల్లెలి మీద ప్రేమతో తెచ్చిన సిమెంటది. ఆ రోజుల్లో బంగారం తెచ్చినా అంత గొప్పగా చెప్పుకోరు. సారయ్య రావిచెట్టును వేళ్లతో సహా పెకిలించాడు. మిద్దె మీది మట్టి తీసి కొత్త మట్టి తొక్కించాడు. తలుపుల మడతబందులు విప్పి తానే బిగించుకున్నాడు. తెలియని పని వస్తే ఎవరో ఒకరు చేస్తుండగా పక్కన కూర్చుని చూసి, మర్నాడు తాను చేసేవాడు. వాన కొట్టేది వెనకవైపు పడమటి గోడకే కాబట్టి దానికి బయటి నుంచి వెంకట్రాజమే సిమెంటు ప్లాస్టరింగ్ చేశాడు. సగం బస్తా మిగిలింది.

ఆ మిగిలిన సగం బస్తాతోనే సారయ్య పదకొండు బొక్కలూ మూసేశాడు. కారణం లేక కాదు. అప్పటికే హాల్లో మగ్గం బిగించాడు. పిచ్చుకలు దూలం పక్కన సందులోంచి గడ్డి, ఈకలు, రెట్టలు సరిగ్గా పడుగు మీదే పడేస్తున్నాయి. తెల్ల నూలు మీద మరక పడితే పోదు. నిచ్చెన వేసుకుని ఒక్కో గూడూ తీసి దూరంగా పెట్టి, బొక్కలో ఇటుక ముక్క దూర్చి, సిమెంటు మెత్తాడు. ఒక పూటలో పని అయిపోయింది. కిషన్ రావు మాట గుర్తొచ్చింది గానీ, నేతపని తెలియని వకీలు మాట నేతగాడికెట్లా పనికొస్తుందనుకున్నాడు.

తర్వాత అయిదేళ్లు బాగా గడిచాయి. సారయ్య, భద్రమ్మ, షెడ్డు నుంచి వచ్చిన మరో ఇద్దరు కలిసి ఆ మగ్గం మీద నేశారు. ఎవరూ తాళం వేయరు, ఎవరూ తీయరు. వానాకాలంలో పడమటి గోడ లోపలివైపు చెమటపట్టినట్టు తడిగా ఉండేది. చెయ్యి పెడితే సున్నం పొడిపొడిగా రాలేది. పాత గోడ కదా అనుకుని మళ్లీ వెల్ల వేసేవాళ్లు.

డెబ్బై తొమ్మిది వానాకాలంలో ఒక పొద్దున భద్రమ్మ పడుగు మీద దుమ్ము తుడుస్తూ ఆగిపోయింది.

"ఇగో, గిటు సూడు. నిన్న గూడ మన్ను గీడ్నే పడ్డది. మొన్న గూడ గీడ్నే."

సారయ్య తలెత్తాడు. సరిగ్గా పైన, దూలం పడమటి గోడలోకి పోయే చోటు. నిచ్చెన తెచ్చుకుని ఎక్కాడు. చేతిలో ఉన్న పంజాతోనే దూలాన్ని గోడ దగ్గర పొడిచి చూశాడు. ఇనుప గోళ్లు నానిన బెల్లంలోకి దిగినట్టు దిగిపోయాయి. గోడకు రెండడుగుల ఇవతల పొడిస్తే టంగుమని మోగింది.

దిగొచ్చాడు. నూలు దారానికి మైనం రుద్ది, దూలం కింద ఈ గోడ నుంచి ఆ గోడకు బిగ్గట్టాడు. మైనం ఎందుకంటే ఉత్త నూలు తేమకు బిగుస్తుంది, ఎండకు వదులవుతుంది. దాన్ని నమ్మలేం. దారానికీ దూలానికీ మధ్య పడమటి కొసన నాలుగు వేళ్లు పెట్టి చూశాడు. నాలుగూ పట్టాయి. వారం తిరిగేసరికి మూడున్నర పట్టాయి. మరో పది రోజులకు మూడు.

వెంకట్రాజాన్ని పిలిపించారు. ఆయన హాలు మధ్యలో నిలబడి పైకి చూసి, చేతులు దులుపుకున్నాడు.

"బావా, సాఫ్ జెప్తున్న. దూలం పోయింది. కూలగొట్టి స్లాబు ఏసుకో. అది గాదంటే నడుమ ఒక పిల్లర్ లేపుదాం. మూడు రోజుల పని. నీ ఇల్లు నిలబడతది, నాకు నిద్రపడతది."

"నడుమ అంటే యాడ?"

"నడుమ అంటే నడుమనే. గిక్కడ." వెంకట్రాజం మగ్గం వైపు చూపించాడు. ఆయన వేలు చూపిన చోట, సగం నేసిన జంపఖానాకు ముందు, పడుగు చాపి ఉంది.

"మగ్గం?"

"మగ్గం చిన్నది ఏసుకో. ఆరడుగులది. మీ నాయిన నెయ్యలేదా?"

భద్రమ్మకు అన్న మీద కోపమొచ్చింది. స్లాబు వేసుకునే తాహతు వాళ్లకు లేదు. పిల్లర్ లేపితే పెద్ద మగ్గం పోతుంది. పెద్ద మగ్గం పోతే సారయ్య మళ్లీ షెడ్డు గడపలో కూర్చుని తాళం తీసేదాకా చూడాలి. ఆ ముగ్గురికీ ఈ సంగతి తెలుసు.

"అయిదు రోజులు ఆగు బావా," అన్నాడు సారయ్య. "ఇంకొకలకు సూపిస్త."

ఆ ఇంకొకరు వడ్ల రాయమల్లు. మట్టెవాడలో పాత తలుపులకు, బండి చక్రాలకు మరమ్మతు చేసుకునేవాడు. మాట తక్కువ. నిచ్చెనెక్కి సుత్తితో దూలాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా కొట్టుకుంటూ పోయాడు. దిగొచ్చి బీడీ ముట్టించుకుని, అది సగమయ్యాక చెప్పాడు.

"కట్టె మంచిగనే ఉన్నది. పడమటి కొసకు మూరెడే పోయింది. ఆ మూరెడు కోసి పారేసి, దూలం కిందికి గోడలకెల్లి ఒక రాయి ముంగటికి పెడితే మోస్తది. నాలుగడుగుల రాయి. రెండున్నర గోడల ఉంటది, అడుగున్నర బయిటికి ఉంటది. పైన గోడ బరువు దాన్ని తొక్కిపడ్తది."

"నువ్వు పెడ్తవా?"

"దూలం నేను సూస్త. రాయి సున్నం గోడల పెట్టుడు నాకు రాదు. యాకమ్మకు వస్తది. నెక్కొండల ఉంటది."

యాకమ్మ పొద్దుటి ప్యాసింజర్‌లో దిగింది. అరవై ఏళ్లుంటాయి. పదేళ్ల పిల్లప్పటి నుంచి సున్నం నూరే పనిలో ఉన్న మనిషి. భర్త తాపీ పని చేసేవాడు. ఆయన పోయాక తాపీ కూడా ఆమె చేతికే వచ్చింది. సంచి అరుగు మీద పెట్టి, మంచినీళ్లు కూడా తాగకుండా ఇంటి వెనక్కి పోయింది. సిమెంటు గోడను గోటితో గీకింది. తలెత్తి చూరు కిందికి చూసింది.

"ఎవలు మూసిండ్రు గవి?"

"నేనే మూసిన పెద్దమ్మా," అన్నాడు సారయ్య. "పిట్టలు మగ్గం మీద గడ్డి పడేస్తాన్నయని."

"గవి పిట్టల కోసం పెట్టినయి కావు బిడ్డా. పిట్టలు కిరాయికున్నయి. గోడల ఉన్న కట్టెకొసకు గాలి తగలాలె. నువ్వు బొక్క మూసినవు, ఇగ గోడకు బయిటి నుంచి సిమెంటు అంగీ తొడిగినవు. లోపలున్న తడి యాడికి పోవాలె? కట్టె తాగింది."

సారయ్యకు కిషన్ రావు మాట, ఆయన తాత మాట రెండూ ఒకేసారి గుర్తొచ్చాయి. ఎందుకో చెప్పకుండా వద్దన్న ఆ వకీలుకు కారణం తెలుసో లేదో కూడా ఇప్పుడు అడిగే దారి లేదు. కట్టిన మేస్త్రీ వకీలుకు చెప్పి ఉంటాడు. వకీలు ఇంట్లోవాళ్లకు పిట్టల పేరు చెప్పి ఉంటాడు.

"ఇప్పుడేం జెయ్యాలె?" అని అడిగింది భద్రమ్మ.

"సెయ్యొచ్చు. నలభై రోజులు వడ్తది. రాయి పెట్టినంక సున్నం గట్టివడే దాంక దూలం దాని మీద కూసోవద్దు. ఇంకో మాట. సిమెంటు ఒక్క తట్ట కలిపినా నేను మల్ల రైలెక్కుత."

నలభై రోజులు దూలాన్ని ఎత్తిపట్టాలి. రాయమల్లు లెక్క ప్రకారం గోడకు రెండున్నర అడుగుల ఇవతల రెండు ఆనిక కట్టెలు నిలబెట్టాలి. మగ్గం గోడకు రెండడుగుల ఎడంలో మొదలవుతుంది. అంటే ఆ ఆనికలు పడుగు అంచులో పడతాయి.

"పడుగు కొయ్యాలె," అన్నాడు రాయమల్లు.

సారయ్య మగ్గం చుట్టూ రెండుసార్లు తిరిగాడు. నేత అప్పటికి ఏడడుగులు వచ్చింది. దూలం కింది భాగంలో ఇంకా ఒట్టి పోగులే ఉన్నాయి. కూర్చుని రెండు అరచేతులూ పోగుల మధ్య దూర్చి మెల్లగా విడదీశాడు. పోగులు అటొక జానెడు, ఇటొక జానెడు ఒత్తుకుని దారి ఇచ్చాయి. ఒక్కటీ తెగలేదు.

"కట్టె లావుంటది. సన్నంది ఇనుముది దొరకదా?"

"బోరింగు పైపు," అన్నాడు రాయమల్లు. నోట్లో బీడీ తీసి మళ్లీ అన్నాడు, "బోరింగు పైపు పడ్తది. కింద లారీ జాకీ పెడదాం."

రాయమల్లు ఎక్కడి నుంచో రెండు పైపులు, రెండు జాకీలు తెచ్చాడు. పడుగు కింద బండలు పరిచి వాటి మీద జాకీలు పెట్టారు. భద్రమ్మ పోగులు విడదీసి పట్టుకుంటే పైపును పైనుంచి నిలువునా దించి జాకీ మీద కూర్చోబెట్టారు. పైన దూలానికి పైపు గుచ్చుకోకుండా టేకు పలక అడ్డం పెట్టారు. ఒక జాకీ దగ్గర రాయమల్లు, ఇంకో దాని దగ్గర సారయ్య పడుగు కింద వెల్లకిలా పడుకున్నారు. సారయ్య ముఖానికి బెత్తెడు పైన ఆయన చాపిన పోగులే ఉన్నాయి. భద్రమ్మ నిచ్చెన మీద నిలబడి దారం దగ్గర వేళ్లు పెట్టింది.

"పావు సుట్టు," అన్నాడు రాయమల్లు. ఇద్దరూ కలిసి తిప్పారు.

"మూడు వేళ్లు," అంది భద్రమ్మ.

"ఇంకో పావు."

"మూడే."

"ఇంకో పావు."

పైన ఎక్కడో కట్టె మూలిగింది. మట్టి జలజలా రాలి సారయ్య కళ్లలో పడింది. కళ్లు మూసుకునే పావు చుట్టు తిప్పాడు.

"మూడున్నర!" అంది భద్రమ్మ. "లేస్తాంది."

నాలుగు వేళ్ల దగ్గర ఆపేశారు.

యాకమ్మకు సున్నం నూరే గానుగ వరంగల్‌లో ఎక్కడా దొరకలేదు. ఇంట్లో రోట్లోనే నూరుతానంది. ఇసుక, నానిన సున్నం, కరక్కాయలు నానేసిన నీళ్లు, కాస్త బెల్లం. రోజూ పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఆమె, భద్రమ్మ మార్చి మార్చి దంచారు. భద్రమ్మ ఇక చాలని రోకలి పక్కన పెట్టినప్పుడల్లా యాకమ్మ తాపీ మీద ముద్ద తీసుకుని తాపీని తలకిందులు చేసేది. ముద్ద జారి కింద పడేది.

"ఇంకా రాలే."

"ఎప్పటికొస్తదవ్వా?"

"అది చెప్తదా మనకు? దంచు."

మూడో రోజు మధ్యాహ్నం తాపీ తిప్పితే ముద్ద అట్లాగే అంటిపెట్టుకుంది. యాకమ్మ రోకలి పక్కన పెట్టింది.

మడికొండ నుంచి నాలుగడుగుల రాయి వచ్చింది. రాయమల్లు కుళ్లిన మూరెడు దూలం కోసి కింద పడేశాడు. తేమకు నల్లబడి, చేత్తో పిసికితే పిండి పిండిగా అయిపోయే కట్టె అది. యాకమ్మ గోడలో తొలిచిన బొక్కలో రాయిని నలుగురు కలిసి దూర్చారు. చుట్టూ సందుల్లో రాతిచిప్పలు, సున్నం కూరింది. దూలం కొస చుట్టూ మాత్రం నాలుగు వేళ్ల ఎడం వదిలింది. బయటి గోడ మీది సిమెంటు అంతా సారయ్యే ఉలి పట్టుకుని చెక్కేశాడు. అయిదు రోజులు పట్టింది. పదకొండు బొక్కల్లోంచీ ఇటుక ముక్కలు లాగేశాడు.

తర్వాత నలభై రోజులు. పైపులు పడుగులో నిలబడే ఉన్నాయి. సారయ్య వాళ్లు నేత ఆపలేదు. పైపులు అడ్డం ఉండడంతో మెల్లగా, రోజుకు కొద్ది కొద్దిగా ముందుకు జరిగారు. నేత ముందుకొచ్చిన కొద్దీ విడదీసిన పోగులు దగ్గరికి రావాలని చూస్తాయి, పైపు రానివ్వదు. ఇరవై ఎనిమిదో రోజుకు పైపులకు జానెడు దూరంలోకి వచ్చి ఆగిపోయారు. అక్కడి నుంచి పన్నెండు రోజులు మగ్గం ఊరికే ఉంది. సారయ్య పొద్దున లేచి దారం దగ్గర వేళ్లు పెట్టి చూసేవాడు. యాకమ్మ చెప్పినట్టు రాయి చుట్టూ గోడ మీద నీళ్లు చిలకరించేవాడు. తర్వాత ఏం చేయాలో తోచక పంజా గోళ్లకు అరం రుద్దుతూ కూర్చునేవాడు.

"గా గోళ్లు అరిగిపోతే తల దువ్వుకునుడుకే పనికొస్తయి," అంది భద్రమ్మ.

నలభయ్యో రోజు యాకమ్మ, రాయమల్లు వచ్చారు. వెంకట్రాజం కూడా వచ్చాడు. బండి మీద రెండు బస్తాల సిమెంటు, నాలుగు ఇనుప చువ్వలు వేసుకుని వచ్చాడు. వాటిని అరుగు మీద దింపించి, ఒక బస్తా మీద కూర్చున్నాడు.

"గివెందుకు బావా?"

"ఊకె తెచ్చిన. నీ రాయి మోస్తే నేను వాపస్ తీస్కపోత. మొయ్యకపోతే గింత దూరం మల్ల తిరుగుడెందుకని."

 సారయ్య, రాయమల్లు పడుగు కిందికి దూరారు. భద్రమ్మ నిచ్చెనెక్కింది. యాకమ్మ గోడకు చెవి ఆనించి నిలబడింది.

"పావు సుట్టు దించు."

"నాలుగు," అంది భద్రమ్మ.

"పావు."

"నాలుగే."

"పావు."

భద్రమ్మ వేళ్లు కదిలించింది. "కొద్దిగ... కొద్దిగ దిగింది."

సారయ్య చెయ్యి జాకీ మీద ఆగిపోయింది. పడుకున్న చోటి నుంచి ఆయనకు పోగులు తప్ప ఏమీ కనిపించడం లేదు.

"ఎంత?" అని అడిగాడు.

"నూలుపోగంత."

"కూసుంటాంది," అంది యాకమ్మ గోడ దగ్గరి నుంచి. "రాయి మీద కూసుంటాంది. దించు."

మళ్లీ పావు తిప్పారు. మళ్లీ పావు. భద్రమ్మ వేళ్ల దగ్గర ఇక తేడా రాలేదు. పైపు దూలాన్ని వదిలిన చప్పుడు ఠక్కుమని వినిపించింది. పైపు, టేకు పలక మధ్య సన్నటి వెలుగు కనిపించింది. జాకీలు పూర్తిగా దించి, అందరూ హాలు గోడలకు ఆనుకుని నిలబడ్డారు. వెంకట్రాజం కూడా లోపలికి వచ్చాడు. వంటర్రలో పొయ్యి మీద పెట్టిన చాయ్ పొంగి పొయ్యిలో పడింది, ఎవరూ కదల్లేదు. అరగంట తర్వాత భద్రమ్మ మళ్లీ వేళ్లు పెట్టింది. నూలుపోగంత దిగి, అక్కడే ఉంది.

వెంకట్రాజం రాయి దగ్గరికి పోయి, తలెత్తి చాలాసేపు చూశాడు. చేత్తో తట్టాడు.

"అవ్వా, గీ సున్నంల ఏం కలిపినవు?"

"నీ చెల్లె రెక్కలు కలిపిన," అంది యాకమ్మ.

పైపులను పడుగులోంచి పైకి ఎత్తి తీశారు. పోగులు విడిపోయిన చోట ఒక నిమిషం అట్లాగే ఖాళీ నిలిచింది. తర్వాత ఒక్కొక్కటీ వాటంతట అవే దగ్గరికి రాసాగాయి. సారయ్య వేళ్లతో దువ్వి సర్దాడు. భద్రమ్మ పలక మీద కూర్చుని తన వైపు జరగమని నేసే మిగతా ఇద్దరినీ పిలిచింది. ఆ సాయంత్రానికి జానెడు నేశారు.

ఆ జంపఖానా దసరా ముందు ఒక పెళ్లిళ్ల హాలుకు పోయింది. పన్నెండు రోజులు నేత ఆగిన చోట అడ్డంగా సన్నటి గీత పడింది. ఆగిన చోట పోగు బిగువు మారుతుంది. అది చెరిపేయడం కుదరదు. కొన్నవాళ్లు చూడలేదు. సారయ్య చూశాడు, మడత పెట్టేటప్పుడు ఆ గీత లోపలికి వచ్చేట్టు మడిచాడు.

వెంకట్రాజం తన సిమెంటు వాపసు తీసుకుపోయాడు. తర్వాత కూడా స్లాబు ఇళ్లే కట్టాడు, బాగానే కట్టాడు. కానీ పాత సున్నపు గోడ పని వస్తే ఒప్పుకోకుండా, నెక్కొండ అడ్రసు చెప్పి పంపేవాడు.

మరుసటి ఎండాకాలానికి పిచ్చుకలు తిరిగొచ్చాయి. మళ్లీ గడ్డి, మళ్లీ ఈకలు. భద్రమ్మ పాత చీర ఒకటి చింపి దూలం కొస కింద జోలెలా కట్టింది. ఆదివారం నాడు నిచ్చెనెక్కి దాన్ని దులిపేది.

"కిరాయి లేదు, పని లేదు. ఊడ్సుడొకటి నాకు," అని పిచ్చుకలను తిట్టేది.

మైనం దారం ఎనభై ఏడులో కూడా అక్కడే ఉంది. దుమ్ము పట్టి నల్లగా, దూలం కింద బిగుతుగా ఉంది. ఎవరో ఇల్లు కొనబోతూ సారయ్యను పిలవడానికి వచ్చి, అదేందని అడిగారు. సారయ్య పేక దూర్చడం ఆపి తలెత్తి చూశాడు. లేచి నిచ్చెన తెచ్చుకుని ఎక్కి, దారానికీ దూలానికీ మధ్య వేళ్లు పెట్టి చూసి దిగాడు.

"పా, పోదాం," అన్నాడు చెప్పులేసుకుంటూ. "ముందుగాల ఇంటెనక్కి పోదాం."